సిద్ధాంత వ్యాసంలో ఆధారాలు ఎలా చూపాలి? తెలుగు పరిశోధకులు తరచుగా అడిగే ప్రశ్నలు

సిద్ధాంత వ్యాసాలు సమర్పించే నెలలు వచ్చాయంటే నా ఫోనుకు ఒకే రకం సందేహాలు వస్తుంటాయి. అడిగేవాళ్లు మారతారు, ప్రశ్నలు మారవు. తెలుగు సాహిత్యం, చరిత్ర, జానపద విజ్ఞానం మీద పనిచేసేవాళ్లు ఎక్కువగా అడుగుతారు కాబట్టి జవాబులు కూడా అటే మొగ్గి ఉంటాయి. ప్రశ్నలను అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను. మీకు కావలసింది ఒక్కటి చదువుకుని వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టేటప్పుడు

స్టైల్ గైడ్ అంటే శైలి నేర్పే పుస్తకమా? నా తెలుగు బాగానే ఉంటుంది కదా!

పేరు తెచ్చిన చిక్కు ఇది. మీ వాక్యాల సొగసుతో దానికి పెద్దగా పని లేదు. ఎవరి మాట ఎక్కడి నుంచి తీసుకున్నారో ఏ వరుసలో, ఏ విరామ చిహ్నాలతో చెప్పాలో, ఉల్లేఖనాలు, పట్టికలు, ఉపశీర్షికలు ఎలా పెట్టాలో చెప్పే నియమావళి అది. తలుపు నంబరు, వీధి, ఊరు, పిన్‌కోడు ఒక వరుసలో రాస్తేనే ఉత్తరం చేరుతుంది. పుస్తకంలోని పుటకు కూడా అలాంటి చిరునామా కావాలి.

ఎంఎల్ఏ, ఏపీఏ, షికాగో అంటున్నారు. నేను ఏది వాడాలి?

ఇవి మూడూ స్టైల్ గైడ్‌లే. ఎంఎల్ఏ మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్‌ది, ఏపీఏ అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌ది, షికాగో ఆ విశ్వవిద్యాలయ ముద్రణాలయానిది. ఎన్నుకునే అవకాశం నిజంగా మీకుంటే, మీ విషయాన్ని బట్టి ఎన్నుకోండి. సాహిత్యానికి ఎంఎల్ఏ నప్పుతుంది. వాక్యం చివర కుండలీకరణాల్లో రచయిత పేరు, పుట సంఖ్య పెడితే చాలు. మనస్తత్వశాస్త్రం, విద్య, సామాజిక శాస్త్రాల వాళ్లకు ఏపీఏ. అక్కడ పేరు పక్కన సంవత్సరం తప్పనిసరి, ఎందుకంటే ఆ రంగాల్లో పదేళ్ల కిందటి సర్వేకు, నిరుటి సర్వేకు విలువ ఒకటి కాదు. చరిత్రకారులు షికాగో పాదసూచికలను ఇష్టపడతారు. శాసనం, తాళపత్రం, కైఫీయతు (ఊరి చరిత్ర రాసిన పాత రికార్డు) వంటి వాటి వివరం కుండలీకరణాల్లో ఇమడదు, పుట అడుగున తీరిగ్గా రాసుకోవచ్చు. ఇంజనీరింగ్‌లో ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంఘం వారి అంకెల పద్ధతి ఉంది. వైద్య పత్రికల్లో వాంకూవర్ పద్ధతి నడుస్తుంది. 1978లో కెనడాలోని ఆ నగరంలో వైద్య పత్రికల సంపాదకులు కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు, అందుకే ఆ పేరు.

మా గైడు గారు ఒక పద్ధతి చెప్పారు, విశ్వవిద్యాలయం నియమావళిలో మరొకటి ఉంది. ఎవరి మాట వినాలి?

నియమావళి మాట. డిగ్రీ ఇచ్చేది విశ్వవిద్యాలయం. కానీ గైడు గారితో తగువు పెట్టుకోకుండా, నియమావళిలో ఆ పుటను ప్రింటు తీసి, ఒక నమూనా అధ్యాయంతో కలిపి చూపించండి. ‘ఇలా రాయమన్నారండీ, ఈ పద్ధతిలోనే వెళ్లమంటారా?’ అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. నియమావళి మౌనంగా ఉన్నచోట గైడు గారి మాట. ఇద్దరూ ఏమీ చెప్పకపోతే ఒక స్టైల్ గైడ్ ఎంచుకుని మొదటి పుట నుంచి చివరి పుట దాకా దాన్నే పట్టుకోండి. పరీక్షకులు పద్ధతిని తప్పు పట్టడం అరుదు. మూడో అధ్యాయంలో పద్ధతి మారిపోతే మాత్రం తప్పకుండా పడతారు.

సీనియర్ దగ్గర స్టైల్ గైడ్ జిరాక్సు ఉంది. అది చాలదా?

ఎన్నో కూర్పో చూసుకోండి. ఏపీఏ ఏడో కూర్పు 2019 చివర్లో, ఎంఎల్ఏ తొమ్మిదోది 2021లో, షికాగో పద్దెనిమిదోది 2024లో వచ్చాయి. మార్పులు చిన్నవి కావు. ముగ్గురు, అంతకన్నా ఎక్కువ మంది రచయితలుంటే ఏపీఏలో ఇప్పుడు మొదటిసారే ఒక పేరు రాసి ‘తదితరులు’ అనేయవచ్చు, పాత కూర్పులో అలా కాదు. ప్రచురణ స్థలం రాయనక్కర్లేదని మూడు గైడ్‌లూ ఒకదాని వెనుక ఒకటి తేల్చేశాయి.

ఈ చివరిదాన్ని తెలుగు గ్రంథాలకు పూర్తిగా పాటించవద్దనేది నా అభిప్రాయం. పాత తెలుగు పుస్తకం చెన్నపట్నంలో అచ్చయిందా, రాజమండ్రిలోనా, బందరులోనా అన్నది ఒక్కోసారి ముద్రణను గుర్తుపట్టడానికి ఉన్న ఏకైక ఆనవాలు. 1900కు ముందు పుస్తకాలకు ఊరి పేరు ఇవ్వవచ్చని ఎంఎల్ఏ కూడా ఒప్పుకుంటుంది.

## చదువుతూ నోట్సు రాసుకునేటప్పుడు

పుస్తకం చేతిలో ఉండగా ఏమేం రాసుకోవాలి?

రచయిత, గ్రంథం పేరు, సంపాదకుడు లేదా అనువాదకుడు, ఎన్నో కూర్పు, సంపుటి, ప్రచురణకర్త, ఊరు, సంవత్సరం, పుట. వీటికి తోడు పుస్తకం ఏ గ్రంథాలయంలో చూశారో, దాని నంబరేమిటో. ఇంత రాసే ఓపిక లేకపోతే ముఖపత్రం, దాని వెనుక పుట, మీకు కావలసిన పుట, ఈ మూడింటిని ఫోనులో ఫోటో తీసుకోండి. పుట సంఖ్య ఫోటోలో పడిందో లేదో అక్కడే చూసుకోండి.

నేను వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత ‘భారతి’ సాహిత్య మాసపత్రిక సంచికలు చూసినప్పుడు ఒక వ్యాసం మొత్తం చేత్తో ఎత్తిరాసుకుని, సంచిక నెల మాత్రం రాసుకోలేదు. ఎవరిననాలి? ఆ ఒక్క నెల పేరు కోసం మళ్లీ రైలెక్కాను. సంపుటాన్ని మళ్లీ తిరగేసి కనుక్కోవడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. అది ఏప్రిల్.

పాత పుస్తకంలో ఇంగ్లీషు సంవత్సరం లేదు, ‘సౌమ్య నామ సంవత్సరం’ అని ఉంది. ఏం రాయాలి?

ఒట్టి సౌమ్య అంటే చాలదు, అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. 1849, 1909, 1969 మూడూ సౌమ్యలే. కాగితం, అచ్చు, పీఠికలో ప్రస్తావించిన మనుషులను బట్టి ఏ సౌమ్యో తేల్చుకోవాలి. శాలివాహన శకం కూడా వేసి ఉంటే పని తేలిక, దానికి 78 కలపండి. శా.శ. 1831 అంటే 1909. ఒక మెలిక ఉంది. తెలుగు సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది కాబట్టి పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాల్లో అచ్చయిన పుస్తకం చాలాసార్లు మరుసటి ఇంగ్లీషు సంవత్సరంలోకి పోతుంది. నెల తెలియకపోతే 1909–10 అని రాయండి. మీరు లెక్కకట్టిన సంవత్సరాన్ని చదరపు కుండలీకరణాల్లో పెట్టి, పుస్తకంలో ఉన్న మాటను కూడా అలాగే ఉంచండి: సౌమ్య [1909–10].

జొటెరో లాంటి సాఫ్ట్‌వేర్ తెలుగుకు పనికొస్తుందా?

పనికొస్తుంది. ఆధారాల వివరాలు దాచిపెట్టి గ్రంథసూచి తయారుచేసే జొటెరో ఉచితం, తెలుగు యూనికోడ్‌ను చక్కగా పట్టుకుంటుంది. పేర్ల దగ్గర మాత్రం దానికి మన లోకం తెలియదు. చివరి మాటే ఇంటిపేరనుకుంటుంది. దాన్ని దాని మానాన వదిలేస్తే మీ గ్రంథసూచిలో సగం మంది ‘రావు’ కిందా, ‘రెడ్డి’ కిందా, ‘శాస్త్రి’ కిందా చేరతారు. పేరు గడి పక్కనున్న చిన్న బొత్తాం నొక్కితే రెండు గడులు ఒకటవుతాయి. అక్కడ పేరు పూర్తిగా, మనం పలికే వరుసలో రాసేయండి.

## రాసేటప్పుడు

తెలుగులో ఇంటిపేరు ముందే ఉంటుంది కదా, మళ్లీ తిరగేయాలా?

తిరగేయాలన్న నియమం ఇంటిపేరు చివర వచ్చే పాశ్చాత్యుల పేర్ల కోసం పుట్టింది. ఇంటిపేరును ముందుకు తేవడమే దాని ఉద్దేశం. గురజాడ అప్పారావు అన్నప్పుడు అది ముందే ఉంది, కాబట్టి కామా కూడా అక్కర్లేదు. ఇంటిపేరు ముందుండే చైనా వంటి దేశాల పేర్లకు ఎంఎల్ఏ చెప్పే పద్ధతి కూడా ఇదే. అయితే మన గ్రంథాలయాల కేటలాగుల్లో ‘అప్పారావు, గురజాడ’ అనే వరుస బాగా పాతుకుపోయింది, చాలా విశ్వవిద్యాలయాల్లోనూ అదే నడుస్తోంది. రెండింటిలో ఏదీ తప్పు కాదు. ఒకటి ఎంచుకుని, గ్రంథసూచి మొదట్లో ఒక వాక్యంలో ఆ సంగతి చెప్పేయండి. పేరుకు ముందు పొడి అక్షరాలే ఉన్నవాళ్ల విషయంలో మాత్రం తిరగేయక తప్పదు, లేకపోతే వాళ్లంతా పొడి అక్షరాల వరుసలో కూర్చుంటారు.

కలం పేరుతో ప్రసిద్ధులైన వాళ్లను అసలు పేరుతో ఇవ్వాలా?

పుస్తకం మీద ఏ పేరు ఉంటే అది. శ్రీశ్రీని ‘శ్రీనివాసరావు, శ్రీరంగం’ కింద పెడితే వెతికేవాళ్లు శ్రీశ్రీ దగ్గర చూసి, లేదనుకుని వెళ్లిపోతారు. కావాలంటే పక్కన చదరపు కుండలీకరణాల్లో అసలు పేరు చేర్చండి.

కన్యాశుల్కానికి ఏ సంవత్సరం వేయాలి? నా దగ్గరున్నది ఈమధ్య కొన్న ప్రతి.

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే, కాస్త నిదానంగా చూద్దాం. ఈ నాటకం తొలి కూర్పు 1897లో వచ్చింది. 1909లో వచ్చిన రెండో కూర్పును గురజాడ బాగా పెంచి, తిరగరాశారు. ఇవాళ మార్కెట్లో దొరికేవి సాధారణంగా ఆ రెండో కూర్పుకు పునర్ముద్రణలు. ఇప్పుడు మీరు ఒక సంభాషణ ఎత్తిరాసి ‘1897’ అని వేశారనుకోండి, ఆ సంభాషణ ఆ కూర్పులో అసలు లేకపోవచ్చు. మీ వాదన కూడా దాంతోపాటే కూలుతుంది. పోనీ మీ ప్రతి మీద ఉన్న 2011 ఒక్కటే వేస్తే, నాటకం ఏ కాలానిదో తెలియదు.

రెండూ కావాలి. ఏపీఏలో మధ్యన గీత పెట్టి (గురజాడ, 1909/2011) అంటారు. ఎంఎల్ఏలో గ్రంథం పేరు తరువాత తొలి సంవత్సరం చేర్చి, ప్రచురణకర్త పక్కన మీ ప్రతి సంవత్సరం ఇస్తారు. రెండింట్లోనూ పుట సంఖ్య మీ చేతిలో ఉన్న ప్రతిదే. ప్రతి మీద ‘రెండో కూర్పు’ అని లేకపోతే పీఠిక చదివి నిర్ధారించుకోండి. ఒక్క మాట: ‘ముద్రణ’, ‘కూర్పు’ ఒకటి కావు. పాఠం మారితే కూర్పు, మారకుండా మళ్లీ అచ్చు వేస్తే ముద్రణ. మన ప్రచురణకర్తలు రెండు మాటలనూ కలగాపులగంగా వాడతారు కాబట్టి మీరు నమ్మవలసింది పాఠాన్ని.

పద్యానికి పుట సంఖ్య ఇవ్వాలా, పద్య సంఖ్య ఇవ్వాలా?

కావ్యానికి లోపలే ఒక చిరునామా ఉంది, దాన్నే వాడండి. భారతానికి పర్వం, ఆశ్వాసం, పద్యం: (ఆది. 1-1). భాగవతానికి స్కంధం, పద్యం. ప్రబంధానికి ఆశ్వాసం, పద్యం. పుట సంఖ్య ఇస్తే వేరే ముద్రణ దగ్గరున్నవాళ్లకు అది పనికిరాదు. అంకె ఒకటి తప్పితే ఏమవుతుందంటే, అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో 142వ పద్యం నన్నయది, 143 నుంచి ఎర్రనది. ఒక్క అంకెకే కవి మారిపోయాడు, మధ్యలో రెండు, మూడు శతాబ్దాలు జారిపోయాయి. పద్యాల లెక్క కూర్పును బట్టి కొద్దిగా మారుతుంది కాబట్టి ఏ కూర్పు వాడారో గ్రంథసూచిలో తప్పక ఉండాలి. వేమన వంటి శతక పద్యాలకు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. సంకలనకర్త మారితే సంఖ్య మారుతుంది.

కుండలీకరణాన్ని వాక్యంలో ఎక్కడ పెట్టాలి? మన క్రియ చివర వస్తుంది కదా.

ఇంగ్లీషు నమూనాలు చూసి అన్నీ వాక్యం చివరకు తోసేయకండి. ఉల్లేఖనం తరువాత ‘అని అన్నారు’ వంటిది వస్తే, కొటేషన్ మూసిన వెంటనే పెట్టండి: “...” (45) అని ఆయన వాదించారు. అప్పుడు 45వ పుటలో ఉన్నది ఏదో, మీ మాట ఏదో తెలిసిపోతుంది. పరుల భావాన్ని మీ మాటల్లో చెప్పినప్పుడు వాక్యం చివర, పూర్ణ విరామానికి ముందు పెట్టండి.

గ్రంథం పేరు ఇటాలిక్స్‌లో పెట్టమంటున్నారు. తెలుగులో వికారంగా ఉంది!

నిజమే. చాలా తెలుగు ఫాంట్లకు అసలైన ఇటాలిక్ రూపం లేదు, కంప్యూటర్ అక్షరాన్ని బలవంతంగా పక్కకు వంచుతుంది. ఒత్తులు పక్క అక్షరం మీద పడతాయి. గ్రంథం పేరుకు బొద్దు అక్షరాలు, వ్యాసం లేదా కథ పేరుకు ఒంటి కొటేషన్లు వాడండి. నియమం కోరేది తేడా కనిపించడం, అంతే.

మూల గ్రంథం దొరకలేదు. వేరే విమర్శకుడు ఎత్తిరాసింది చూశాను. మూలాన్నే చూపించవచ్చా?

వద్దు. చూడనిదాన్ని చూసినట్టు చెప్పడం అది. ఆ విమర్శకుడు తప్పుగా ఎత్తిరాసి ఉంటే ఆ తప్పు మీ మెడకు చుట్టుకుంటుంది. మూల రచయిత పేరు వాక్యంలో చెప్పి, కుండలీకరణంలో ‘ఉటంకింపు’ అని రాసి మీరు చూసిన పుస్తకం వివరం ఇవ్వండి. ఇవి పదికి మించితే గ్రంథాలయానికి వెళ్లవలసిన సమయం వచ్చిందని అర్థం.

దినపత్రిక వార్తకు తేదీ ఇస్తే చాలదా?

తెలుగు పత్రికలకు చాలదు. జిల్లాకో ఎడిషన్ ఉంటుంది, అనంతపురంలో మూడో పేజీలో వచ్చిన వార్త విశాఖపట్నంలో అసలు రాకపోవచ్చు. పత్రిక పేరు, తేదీ, ఎడిషన్, పేజీ, జిల్లా అనుబంధంలోనిదైతే ఆ మాట, ఇవన్నీ రాయండి.

ఒగ్గుకథ కళాకారుడితో మాట్లాడాను. దాన్ని ఎలా చూపాలి?

ఎంఎల్ఏలో అది గ్రంథసూచిలోకి వస్తుంది: వక్త పేరు, ముఖాముఖి, తేదీ. ఏపీఏ మాత్రం చదువరికి అందుబాటులో లేని సంభాషణను సూచికలో చేర్చదు. వ్యాసం లోపలే ‘వ్యక్తిగత సంభాషణ’ అని తేదీతో చెప్పమంటుంది. ఏ పద్ధతైనా జానపద పరిశోధనకు ఊరు, మండలం, వక్త వయసు, కథ ఎవరి దగ్గర నేర్చుకున్నదీ అనుబంధంలో ఇవ్వండి. పేరు అచ్చులో వేయడానికి ఆయన ఒప్పుకున్నారా అని ముందే అడగండి. ఫోటో వేయడానికి విడిగా అడగాలి.

శాసనాలకు?

సంపుటి, శాసన సంఖ్య. ‘దక్షిణ భారత శాసనాలు’ (సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్) అనే సంపుటాల వరుసలో పదోది మొత్తం తెలుగు శాసనాలే. అందులోనివాటికి పుట కన్నా శాసన సంఖ్య ముఖ్యం. దొరికిన ఊరు కూడా చేర్చండి.

‘పైదే’, ‘పూర్వోక్తం’ ఇప్పుడు కూడా వాడవచ్చా?

పాదసూచికలో ‘పైదే’ అంటే పై సూచికలో చెప్పిన పుస్తకమే అని, ‘పూర్వోక్తం’ అంటే ముందెక్కడో చెప్పినదని. షికాగో పదిహేడో కూర్పు నుంచి ‘పైదే’కు సమానమైన లాటిన్ మాటను వద్దంటోంది. దాని బదులు ఇంటిపేరు, పొట్టి శీర్షిక, పుట రాయమంటుంది. నేనూ అదే అంటాను. మీరు రాత్రి పూట మధ్యలో కొత్త పాదసూచిక ఒకటి చొప్పిస్తారు. కింది ‘పైదే’ వేరే పుస్తకాన్ని చూపడం మొదలుపెడుతుంది, మీకు తెలియను కూడా తెలియదు.

ఆన్‌లైన్‌లో స్కాన్ చదివాను. పుస్తకం అని ఇవ్వాలా, వెబ్‌సైటు అని ఇవ్వాలా?

ముందు పుస్తకం వివరాలన్నీ, తరువాత ఎక్కడ చూశారో. శ్రీకాకుళంలోని కథల గ్రంథాలయం కథానిలయం సైటులో చూసిన పత్రిక కథ అయితే కథ, పత్రిక, సంచిక, పుటలు, ఆపైన కథానిలయం, లింకు. పీడీఎఫ్ చూపే పుట, అచ్చు పుట ఒకటి కావు. అట్ట, పీఠిక పుటలు కలిసి పది, పదిహేను తేడా వస్తుంది. అచ్చులో కనిపించే అంకెనే ఇవ్వండి.

ఏఐని అడిగి గ్రంథసూచి చేయించుకోవచ్చా?

మీరు ఇచ్చిన వివరాలను వరుసలో పెట్టమని అడగవచ్చు. పుస్తకాలు వెతికి పెట్టమంటే మాత్రం ఎన్నడూ అచ్చుకాని పుస్తకానికి కూడా పుట సంఖ్యతో సహా వివరాలు అల్లి ఇస్తుంది. తెలుగు గ్రంథాల విషయంలో ఇది నేను కళ్లారా చూశాను. పేరున్న విమర్శకుడు, నమ్మదగ్గ శీర్షిక, లేని పుస్తకం. వాడిన మేరకు వాడానని చెప్పండి. రచయితగా దాని పేరు వేయవద్దని ఎంఎల్ఏ స్పష్టంగా చెప్పింది.

## సమర్పించే ముందు

పది శాతం దాటితే థీసిస్ తిప్పి పంపిస్తారట, నిజమేనా?

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పది శాతం దాకా సారూప్యతకు శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే ఆరు నెలల లోపు సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఆధారం చూపిన ఉల్లేఖనాలు, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు ఈ లెక్కలోకి రావు. యాదృచ్ఛికంగా కలిసిన 14 మాటల లోపు వరుసలు కూడా రావు. కానీ సాఫ్ట్‌వేర్ ఇవన్నీ తనంతట తాను వదలదు, మినహాయింపులు ఎంచుకుని మళ్లీ నడపాలి. పద్యాలు దండిగా ఉన్న వ్యాసానికి మొదటి రిపోర్టు చూసి గుండె జారిపోతుంది. కంగారు పడకుండా గ్రంథాలయంలో దాన్ని చూసే ఉద్యోగితో కూర్చుని ఎక్కడెక్కడ రంగు పడిందో చూడండి.

డీటీపీ వాళ్లు అను ఫాంట్‌లో కొట్టారు. ఇబ్బందా?

అవును, అను ఫాంట్ యూనికోడ్ కాదు. యూనికోడ్ కాని పాఠం సారూప్యత చూసే సాఫ్ట్‌వేర్‌కు తెలుగుగా కనిపించదు, అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల కుప్పగా కనిపిస్తుంది. సున్నా శాతం వచ్చిందని సంబరపడినవాళ్లు ఉన్నారు. తరువాత సిద్ధాంత వ్యాసాలను ఆన్‌లైన్‌లో దాచే శోధ్‌గంగలో చేరిన వ్యాసంలో ఒక్క మాట కూడా వెతకడానికి దొరకదు. యూనికోడ్‌లోకి మార్పించండి. మార్చాక ఱ, అరసున్న, వత్తులు, కొటేషన్ గుర్తులు ఒక్కొక్కటే సరిచూడండి. పద్యాలు విడిగా, మూలంతో పోల్చి చదవండి.

గ్రంథసూచిలో తెలుగు, ఇంగ్లీషు కలపాలా?

విడదీయండి. తెలుగు జాబితా అ నుంచి హ దాకా, ఆ తరువాత ఇంగ్లీషు. క్ష మొదటి అక్షరంగా ఉన్న పేర్లు పలక మీద చదివిన వరుసలో చివరన ఉంటాయి, కంప్యూటర్ వరుసలో క కింద చేరతాయి. క కిందే ఉంచేయడం మేలు. పాత పత్రికలు, తాళపత్రాలు, ముఖాముఖీలకు చిన్న చిన్న విభాగాలు పెట్టుకోవచ్చు.

ఇంగ్లీషు జర్నల్‌కు పంపుతున్నాను. తెలుగు పుస్తకం పేరు ఎలా రాయాలి?

రోమన్ లిపిలో లిప్యంతరీకరణ, పక్కన చదరపు కుండలీకరణాల్లో ఇంగ్లీషు అనువాదం. వాట్సాప్‌లో రాసుకునే పద్ధతి పనికిరాదు. ఐఎస్ఓ 15919 వంటి ప్రమాణం ఒకటి పట్టుకోండి. అందులో దీర్ఘానికి పైన అడ్డగీత, ట, డ, ణ, ళలకు కింద చుక్క ఉంటాయి. ఎ, ఏల తేడా, ఒ, ఓల తేడా సంస్కృతానికి అలవాటుపడిన సంపాదకులు చెరిపేస్తుంటారు. ప్రూఫులు వచ్చినప్పుడు ముందు వాటినే చూడండి.

కామా తప్పిందని వైవాలో (మౌఖిక పరీక్షలో) నిజంగా అడుగుతారా?

కామా గురించి అడిగినవాళ్లను నేను చూడలేదు. ఒక పరీక్షకుడు సంచిలోంచి పాత పుస్తకం తీసి, ‘మీరు చెప్పిన 112వ పుట ఇది. ఆ వాక్యం ఎక్కడుందో చూపించండమ్మా’ అని అడగడం చూశాను. ఆ అమ్మాయి చూపించింది. అది 121.